ఒక్క చేతి ముద్ద

మోత్కూరు అంగడిలో ఎడ్లకు నాలలు కొట్టే చోటే మియా అంటే చుట్టుపక్కల ఊళ్ళలో తెలియనివాళ్ళు లేరు. ఎద్దును తాడేసి పడగొట్టి, కాళ్ళు కట్టేసి, డెక్కకు ఇనుప నాల పెట్టి మేకులు దిగ్గొడుతుంటే అది కిక్కురుమనేది కాదు. చెవిలో ఏదో మంత్రం చెబుతాడని కొందరు, అదంతా చేతివాసి అని కొందరు అనుకునేవారు. మంత్రమూ లేదు, మాయా లేదు. ఆయనకు పశువు మనసు తెలుసు. తెలుసని ఆయన అనుకునేవాడు అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది.

ఎనభైల మొదట్లో ట్రాక్టర్లు వచ్చిపడ్డాయి. ఎడ్లు తగ్గాయి, నాలల పనీ తగ్గింది. అదే కాలంలో ఆ చుట్టూ బత్తాయి తోటలు పెరిగాయి. తోట అంటే బావి, బావి అంటే కరెంటు మోటరు, మోటరు అంటే దొంగ. ఊరికి దూరంగా ఉన్న తోటలో కాపలా కుక్కకు మందు కలిపిన మాంసం ముక్క విసిరేవాళ్ళు. అది నురగలు కక్కి పడిపోయేది, తెల్లారేసరికి బావి మీద మోటరు మాయం. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగాయని సామెత చెప్పుకుంటాం. ఇక్కడ మొరగడానికి అసలు కుక్కే మిగిలేది కాదు.

అట్లా చోటే మియా కుక్కల పనిలోకి దిగాడు. కుక్క తోక వంకర అని లోకం అంటుంది. ఆయన తోక జోలికి పోలేదు, నోటి జోలికి పోయాడు.

ఆయన తీరు ఆయనది. ఈనిన కుక్క దగ్గర కూర్చుని ఒక్కో పిల్లను మెడ పట్టి పైకెత్తేవాడు. కుయ్యోమన్నదాన్ని దించేసేవాడు, కొరకబోయిన దాన్ని కూడా దించేసేవాడు. చప్పుడు చేయకుండా వేలాడుతూ ఆయన కళ్ళలోకి చూసే పిల్లను సంకనేసుకుని వచ్చేవాడు. రోజూ పొద్దున్నే యజమానితో పాటు దాన్ని తోట కంచె వెంట మూడు చుట్లు తిప్పించేవాడు, తన రాజ్యం ఎంతవరకో దానికి తెలియాలని. గాలికి ఆకు కదిలితే ఊరుకోవాలి, బండ్ల బాట మీద గొర్ల మంద పోతుంటే ఊరుకోవాలి, కంచె లోపల పరాయి కాలు పడితే మాత్రం ఊరు లేవాలి. కొట్టేవాడు కాదు. "కొట్టిన కుక్క దొంగను జూసి గూడ తల వంచుకుంటది" అనేవాడు.

ఇంట్లో ఆయన భార్య లాడ్లీ బేగానికి మాత్రం ఈ పని మింగుడు పడలేదు. కుక్క ఉన్న ఇంటికి ఫరిష్తాలు, అంటే దేవదూతలు, రారని ఆమె నమ్మకం. కాపలా కుక్కకూ మంద కుక్కకూ దోషం లేదని మసీదులో పెద్దలే చెప్పారని ఆయన ఎంత వాదించినా, దోషం లేకపోవచ్చు గానీ ఎంగిలి ఎంగిలే అనేది. ఆయన కుక్కల పని బట్టలు ఇంటి వెనక గుంజకు వేరే వేలాడేవి. పని నుంచి రాగానే బోరింగు దగ్గర చేతులు ఏడుసార్లు కడగాలి. అందులో ఒకసారి మట్టితో. ఆమె గుమ్మంలో నిలబడి లెక్కపెట్టేది. ఆరుసార్లు కడిగి ఏడు అన్నాడంటే మళ్ళీ మొదటికి వచ్చేది.

బుచ్చయ్యది మోత్కూరుకు నాలుగు మైళ్ళ అవతలి ఊరు. తన మెట్ట చెలకలో బావి తవ్వించి బత్తాయి పెట్టాడు. ఆయన మొదటి కుక్కను మందు పెట్టి చంపి మోటరు ఎత్తుకుపోయారు. మోటరు పోయినందుకు కాదు గానీ, కుక్క ఆ ముక్క ఆశపడి తిన్నందుకు ఆయనకు కోపం. నేరుగా చోటే మియా దగ్గరకు వచ్చి, "మియా, పరాయోడు పాలల్ల ముంచిన బూరె పెట్టినా మూతి తిప్పుకునే కుక్క గావాలె. జేస్తవా?" అన్నాడు.

చోటే మియా చేశాడు. అదే తంబాకు. ఎండిన పొగాకు రంగుది కాబట్టి ఆ పేరు.

ఆ చదువు ఎట్లా చెప్పాడంటే, మాంసం ముక్కలో ఎర్ర కారం కూరి పైన బెల్లం పూసేవాడు. ఒకరోజు లుంగీలో, ఒకరోజు ప్యాంటులో, ఒకరోజు గొంగడి కప్పుకుని కంచె దగ్గరకు వచ్చి "ఆజా బేటా, ఆజా" అని ముద్దుగా పిలిచి ముక్క అందించేవాడు. కుక్కపిల్ల ఆశగా కొరికి, నోరు మండి, మూలుగుతూ నీళ్ళ తొట్టి దగ్గరకు పరుగెత్తేది. అప్పుడు బుచ్చయ్య వచ్చి మజ్జిగతో దాని నోరు కడిగి, పాలలో నానిన జొన్నరొట్టె తన కుడిచేత్తో తినిపించేవాడు. ఇరవై రోజులయ్యేసరికి లోకంలో అన్నం పెట్టే చెయ్యి ఒక్కటేననీ, మిగతా చేతులన్నీ మంటలేననీ తంబాకుకు అర్థమైపోయింది.

ఆఖరి పాఠం మిగిలింది. అది ఇంటి మనిషి చెయ్యాలి. బుచ్చయ్య భార్య అరుణమ్మను పిలిచి, కారం కూరిన ముక్క చేతిలో పెట్టాడు చోటే మియా.

"నేను గూడనా?" అంది అరుణమ్మ. "నా ఇంట్ల కుక్క నా చేతిది తినొద్దా భాయ్?"

"నువ్వు మంచిదానివే చెల్లె. గని రెండు చేతులు తెలిసిన కుక్క మూడో చేతిని గూడ నమ్ముతది. ఒక్కటే చెయ్యి ఉండాలె."

"మరి ఆయన ఊరికి వోతె? ఆయనకు సుస్తయితె?"

బుచ్చయ్య పెద్దగా నవ్వాడు. "నాకేమైతది? గుండులెక్క ఉన్న. పెట్టు, పెట్టు."

ఆమె పెట్టింది. పరాయివాళ్ళ దగ్గర మూతి తిప్పుకుంటున్న తంబాకు, ఇంటి మనిషి కదా అని నమ్మి నోరు తెరిచింది. మండగానే అరవలేదు, పరుగెత్తలేదు. ముక్క కింద పడేసి ఆమె మొహంలోకి చూసింది. అరుణమ్మ అక్కడి నుంచి లేచి ఇంటికి వెళ్ళి, ఆ పూట అన్నం తినలేకపోయింది.

తర్వాతి ఏడు బుచ్చయ్య మొక్కు తీర్చుకోవడానికి యాదగిరిగుట్టకు వెళ్ళి రెండు రోజులున్నాడు. ఆ రెండు రోజులూ తంబాకు మెతుకు ముట్టలేదు. తిరిగొచ్చి ఆ సంగతి విన్న బుచ్చయ్య పొంగిపోయి, మోత్కూరు చాయ్ హోటల్లో కనబడ్డవాడికల్లా చెప్పుకున్నాడు. పక్క బల్ల మీద కూర్చున్న చోటే మియా మీసం దువ్వుకున్నాడు. ఆ మాట ఊరూరా పాకి, మూడేళ్ళలో మరో ఆరు తోటల వాళ్ళు ఒక్క చేతి కుక్కలను చేయించుకున్నారు. వాటి దగ్గర ఒక్క మోటరు కూడా పోలేదు. ఆ గర్వం ఆయనకు ఉండేది, ఉండదా మరి.

ఎనభై ఎనిమిది ఎండాకాలం. తోటలో మోటరు కాలిపోతే కొత్త తీగ చుట్టించుకు వద్దామని బుచ్చయ్య పొద్దున్నే తంబాకును తడిక దగ్గర పొడుగు గొలుసుకు కట్టి, రొట్టె పెట్టి, "పొద్దుమూకె వరకు వస్త" అని దాని తల నిమిరి నల్గొండ బస్సెక్కాడు. బస్టాండులో దిగి నాలుగడుగులు వేసి గుండె పట్టుకుని కూలబడ్డాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. శవాన్ని జీపులో నేరుగా ఊళ్ళోని ఇంటికి తెచ్చారు. సాయంత్రానికి వాగు ఒడ్డున కట్టెలు పేర్చారు. మైలు దూరంలో తోట తడిక దగ్గర తంబాకు బండ్ల బాట వైపు చూస్తూ కూర్చుని ఉంది. దానికి ఆఖరి చూపు చూపించాలని ఎవరికీ తోచలేదు. ఇంత ఏడుపులో కుక్క ఎవరికి గుర్తుంటుంది?

మూడో నాడు పిట్టకు పెట్టారు. బుచ్చయ్యకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, అందరూ దూరంగా జరిగి నిలబడ్డారు. కాకులు వచ్చి తుమ్మచెట్టు మీద వాలాయి. కిందికి మాత్రం దిగలేదు. ఎండ ముదిరినా దిగలేదు.

బుచ్చయ్య అక్క గుర్వమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ, "మావోని పానం ఇంక ఈడనే తిరుగుతాంది. దేన్నో ఇడిచి పోలేకపోతాండు" అంది.

అరుణమ్మ గుండెలో అప్పుడు పడింది పిడుగు. "అయ్యో, కుక్క!" అని లేచింది. తోటకు పోయి చూస్తే, రెండు రోజులుగా పొరుగువాళ్ళు పెట్టి వచ్చిన అన్నం అక్కడే చీమలు పట్టి ఉంది. వెంటనే తమ్ముడు ఎల్లేశాన్ని సైకిల్ మీద మోత్కూరుకు తోలింది.

చోటే మియా వచ్చేసరికి తంబాకు తడిక దగ్గరే ఉంది. తొట్టిలో నీళ్ళు తాగుతోంది గానీ తిండి లేదు. ఆయన రొట్టె ముక్క పాలలో ముంచి చెయ్యి చాపాడు. అది లేచి రెండడుగులు వెనక్కు వేసి పెదాలు నాక్కుంది. ఆ నాకడం చూడగానే ఆయన చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. ఆ నాలుకకు గుర్తున్నది పాలు కాదు, ఆయన చేతి కారం. లోకంలో ఏ చేతిని నమ్మకూడదో దానికి మొట్టమొదట నేర్పింది ఆ చెయ్యే.

"నా చెయ్యి పనికిరాదు చెల్లె" అన్నాడు. "నువ్వు పెట్టి చూడు."

అరుణమ్మ కింద కూలబడి చెయ్యి చాపింది. తంబాకు ఆమె మొహంలోకి చూసింది, ఆనాటి లాగానే. మూతి తిప్పుకుంది.

"యాది ఉంది భాయ్, దానికి యాది ఉంది" అని ఆమె ఏడ్చింది. "నేను పెట్టనంటే పెట్టమంటివి. నేర్పినోనివి నువ్వే. మరిపించుడు గూడ నీకే తెల్వాలె. ఆయన పోయిండు, ఇది గూడ పోతె నేనెట్ల బతకాలె?"

ఆయన తలదించుకుని బుచ్చయ్య అంగీ తెమ్మన్నాడు. ఉతకని అంగీ, తలరుమాలు, చెప్పులు. అవి తొడుక్కుని ఎగువ బాటలోంచి బుచ్చయ్య నడక నడుస్తూ, ఆయన లాగే నాలుక టక్కుమనిపిస్తూ వచ్చాడు. తంబాకు చెవులు నిక్కాయి. మూడు రోజుల నీరసం ఎటు పోయిందో, కుయ్ కుయ్‌మంటూ, ఒళ్ళంతా తోకలా ఊపుతూ ఉరికింది. కాళ్ళ మీద పడింది. చేతి దగ్గర మూతి పెట్టింది. అంగీ బుచ్చయ్యది, చెయ్యి ఎవరిదో దానికి తెలిసిపోయింది. గుర్రుమనలేదు, కరవలేదు. కరిచినా బాగుండునని చోటే మియా తర్వాత ఎన్నోసార్లు అన్నాడు. అది మెల్లగా తిరిగిపోయి, తడిక దగ్గర బాట వైపు మొహం పెట్టి పడుకుంది. ఆయన అక్కడే బాట మీద కూర్చుని, పరాయి అంగీలో మొహం దాచుకుని ఏడ్చాడు.

దీనికి మందు ఒక్కటే ఉందని ఆయనకు అప్పుడు అర్థమైంది. ఒకే రొట్టెను యజమాని ఒక పక్క, రెండో మనిషి ఒక పక్క పట్టుకుని పదే పదే తినిపిస్తే, కొన్నాళ్ళకు కుక్క ఆ రెండో చేతినీ నమ్ముతుంది. కానీ అందుకు యజమాని బతికి ఉండాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

అయినా రోజూ సైకిలేసుకుని వచ్చాడు. రోజూ ఓడిపోయాడు. ఎలుకనో ఉడతనో పట్టుకు తింటుందేమోనని గొలుసు విప్పి వదిలినా అది తడిక దాటలేదు. పదకొండో నాడు ఊళ్ళో బుచ్చయ్య దినాల పంక్తి లేస్తుంటే ఇక్కడ దాని పక్కటెముకలు లెక్కపెట్టేట్టు ఉన్నాయి. పదమూడో నాడు మిట్టమధ్యాహ్నం అది ప్రాణం విడిచింది. మూతి ముందు విస్తరిలో అన్నం అట్లాగే ఉంది. ఎల్లేశం పార అందుకోబోతే చోటే మియా ఇవ్వలేదు. తడిక పక్కనే గొయ్యి తానే తవ్వాడు.

ఆ తర్వాతి సంగతి విచిత్రం. ఆ తోటలో మళ్ళీ కుక్కను పెట్టలేదు, అయినా దొంగ కాలు పెట్టలేదు. మిట్టమధ్యాహ్నం బాటన పోయేవాళ్ళకు తడిక దగ్గర గొలుసు చప్పుడు వినబడుతుందని పుకారు. అది గాలికి తడిక కదిలిన చప్పుడేమో కదా అని అరుణమ్మను అడిగితే, "గాలి గాదు. ఆయన వస్తనన్నడు గదా, ఎదురుచూస్తాంది" అనేది. చోటే మియా ఆ దారే మానేశాడు. అటు వైపు తోటలకు పోవాలంటే రెండు మైళ్ళు చుట్టు తిరిగి పోయేవాడు. ఆ చుట్టు దారిలో కూడా సైకిల్ వెనక ఏదో పరుగెత్తుకొస్తున్నట్టు అనిపించి, దిగి నిలబడి చూసేవాడు. ఎండ తప్ప ఏమీ ఉండేది కాదు. అన్నం ముందు కూర్చుంటే కుడిచేతికి కారం వాసన కొట్టేది. ఏడుసార్లు కాదు, డెబ్భై సార్లు కడిగినా కొట్టేది.

ఇంత బాధలో లోకం ఆయనకు చేసిన సన్మానం చూడండి. తంబాకు కథ ఊరూరా పాకింది. నల్గొండ నుంచి ఒక పెద్దమనిషి జీపేసుకుని వచ్చి, "తంబాకు లాంటి కుక్క గావాలె" అన్నాడు.

"తంబాకు సచ్చిపోయింది సాబ్" అన్నాడు చోటే మియా.

"అందుకే గదా! సచ్చింది గని వేరే చేతిది తినలేదట. గసోంటిదే గావాలె."

చోటే మియా లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. కుక్కల పని ఆ రోజుతో సరి.

సరి అంటే సరిపోతుందా? మరో ఆరు తోటల్లో ఆరు కుక్కలున్నాయి. ఆరు చేతుల మీద ఆరు ప్రాణాలు. అప్పటి నుంచి ఆయన ఆ ఆరుగురు యజమానుల ఆరోగ్యం అడగడం మొదలుపెట్టాడు. ఎవరికైనా దగ్గు వచ్చిందంటే ఈయనకు జ్వరం వచ్చేది. "ఏంది మియా, నా సావు కోసం సూస్తున్నవా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. రెండో చెయ్యి నేర్పుతానంటే ఒప్పుకునేవాళ్ళు కారు. ఒక్క చేతి కుక్క ఉండటం గొప్పదనమైపోయింది మరి, ఆ గొప్ప ఆయన పెట్టిందే. కాళ్ళావేళ్ళా పడి, తంబాకు పక్కటెముకలు వర్ణించి వర్ణించి, నాలుగేళ్ళలో నాలుగు తోటల్లో భార్యల చేత, తమ్ముళ్ళ చేత రొట్టె రెండో కొస పట్టించాడు. ఐదో తోటలో కుక్క పాము కరిచి పోయింది. అల్లా మీద ఒట్టు, ఆ వార్త విని ఆయన గుండె తేలికపడింది, అందుకు సిగ్గుపడ్డాడు కూడా.

చివరికి బాలయ్య మిగిలాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, ఆలి పోయింది, పిల్లల్లేరు, బావి దగ్గర గుడిసెలో ఒక్కడే ఉండేవాడు. ఆయన కుక్క నల్లగా బొచ్చుబొచ్చుగా ఉండేది, పేరు గొంగడి. తొంభై మూడు చలికాలంలో బాలయ్య దగ్గు రక్తం దాకా పోయింది.

"నేర్పుతనంటె వద్దంటనా మియా?" అన్నాడు బాలయ్య. "గని రెండో చెయ్యి ఏడికెల్లి తేవాలె? నాకెవలున్నరు? ఊరోళ్ళు దీన్ని జూస్తెనే ఉరుకుతరు. నువ్వే పట్టు."

"నా చెయ్యి తప్ప ఏ చెయ్యన్న పనికొస్తది బాలన్నా" అని చోటే మియా సైకిలెక్కాడు.

ఆ రోజు ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చుని ముట్టలేదు. లాడ్లీ బేగం ఏమైందని అడిగింది. ఐదేళ్ళుగా లోపల కుమిలిందంతా అప్పుడు చెప్పాడు. అంగీ సంగతి కూడా చెప్పాడు. ఆమె విని కంచం ఆయన ముందుకు జరిపింది. వాళ్ళింట్లో మాట ఉర్దూ. ఆమె అన్నదానికి అర్థం మాత్రం ఇది:

"అజీ, రేపు నేనొస్త."

"నువ్వా? కుక్క ఎంగిలి..."

"ఎంగిలి ఏడుసార్లు కడిగితె పోతది. అది సస్తె నువ్వెన్నిసార్లు కడిగినా పోదు. ఐదేండ్ల సంది సూస్తున్న గద."

మర్నాడు బస్సు దిగి, చెలకల్లో బురఖాతో నడిచి వచ్చిన ఆమెను చూసి గొంగడి తోట ఎగిరిపోయేట్టు మొరిగింది. తనకంటే నల్లగా ఉన్న ప్రాణిని అది అంతకుముందు చూడలేదని బాలయ్య దగ్గుతూ నవ్వాడు. జొన్నరొట్టె ఒక కొస బాలయ్య పట్టుకున్నాడు, ఒక కొస ఆమె పట్టుకుంది. కుక్క ఆయన వైపు సగం తిని, ఆమె వైపు సగం వదిలేసింది. చోటే మియా కంచె అవతలే నిలబడ్డాడు. దగ్గరకు వస్తే చెడిపోతుందని భయం.

ప్రతి బేస్తవారం ఆమె వచ్చింది. నెల దాటాక ఒకనాడు గొంగడి రొట్టె మొత్తం తిని, ఆమె వేళ్ళు నాకింది. ఆమె ఆ చెయ్యి దేనికీ తగలకుండా దూరంగా పట్టుకుని బస్సులో వచ్చింది. బోరింగు దగ్గర ఈసారి లెక్కపెట్టే పని ఆయనది. ఏడోసారి కడిగి చెయ్యి వాసన చూసుకుని, "పోయింది" అంది. ఆయన కూడా తన చెయ్యి వాసన చూసుకున్నాడు. పోలేదు.

బాలయ్య వానలు పడేదాకా బతికాడు. ఆయన పోయిన రెండు రోజులు గొంగడి తినలేదు. మూడో నాడు లాడ్లీ బేగం వెళ్ళి చెయ్యి చాపింది. అది చాలాసేపు వాసన చూసి, చాలాసేపు బాట వైపు చూసి, చివరికి తిన్నది. కంచె అవతల నిలబడ్డ చోటే మియా అప్పుడు కంచె దాటి లోపలికి వచ్చాడు. దాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. గుమ్మం లోపలికి రానివ్వలేదు, వెనక వసారాలో జాగా ఇచ్చింది ఆమె. ఫరిష్తాల మాట మళ్ళీ ఎత్తలేదు.

గొంగడి అక్కడ ఐదేళ్ళు బతికింది. ఇంటిని కాసింది, ఆమె వెంట తిరిగింది, ఆయన పిలిస్తే తోక ఊపేది, వసారాలో ఆయన మంచం కిందే పడుకునేది. తిండి దగ్గర మాత్రం మూతి తిప్పుకునేది. ఆయన రోజూ తన కంచంలోంచి మొదటి ముద్ద తీసి దాని ముందు చెయ్యి చాపేవాడు. అది రెండడుగులు వెనక్కు వేసి పెదాలు నాక్కునేది. అప్పుడు లాడ్లీ బేగం వచ్చి ఆ ముద్దే ఆయన చేతిలోంచి తీసుకుని పెడితే తినేది. ఐదేళ్ళలో ఒక్కనాడు కూడా అది ఆయన చేతి ముద్ద ముట్టలేదు. ఒక్కనాడు కూడా ఆయన చెయ్యి చాపడం మానలేదు.